బకెట్ ఎంతసేపట్లో నిండుతోంది: ఒక నగర బడ్జెట్ చర్చ, కేస్ స్టడీ

నేను ఆర్థిక సలహాదారుగా పనిచేసిన ఒక మధ్యస్థాయి నగరంలో, ముసాయిదా బడ్జెట్ మీద కౌన్సిల్ మొదటి సమావేశం నాలుగు గంటలు సాగింది. అందులో మూడు గంటలకు పైగా నది ఒడ్డున కట్టాలనుకున్న నడకదారి గురించే మాట్లాడుకున్నారు. పల్లపు ప్రాంతాల్లో నిలిచే వాన నీటిని నదిలోకి తోడిపోసే పంపుల గురించి ఒక్క మాట కూడా రాలేదు. రావడానికి వీలు కూడా లేదు. బడ్జెట్ పుస్తకంలో పంపు అన్న మాటే లేదు మరి. ఆ ఖర్చు మొత్తం "యంత్రాల నిర్వహణ, ఇతరములు" అనే ఒక్క పద్దులో ఉంది.

ఈ కేసు ఆ "ఇతరములు" గురించి. నగరం పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. నేను చేసిన పొరపాటు కూడా ఇందులో ఉంది, దాన్ని దాచకుండా రాస్తున్నాను.

చేతిలో ఉన్నది ఎంత

బడ్జెట్ పుస్తకం లావుగా ఉంటుంది కాబట్టి కౌన్సిల్ తలచుకుంటే ఏదైనా చేయొచ్చని జనం అనుకుంటారు. కొత్తగా ఎన్నికైన సభ్యులు కూడా మొదటి ఏడాది అలాగే అనుకుంటారు. జీతాలు, పింఛన్లు, కరెంటు బిల్లులు, పాత అప్పుల వాయిదాలు, ఇదివరకే ఒప్పందం అయిపోయిన పనుల బిల్లులు, ఇవన్నీ పక్కన పెడితే మాకు మిగిలింది నూటికి పదిహేను కూడా లేదు. అందులోనూ సగం పేరు రాసిపెట్టుకుని వచ్చిన డబ్బే, అంటే ఫలానా పనికి మాత్రమే వాడాలని పైనుంచి వచ్చిన గ్రాంటు. కౌన్సిల్ నిజంగా చర్చించి అటూ ఇటూ మార్చగలిగింది నూటికి ఏడెనిమిది వంతులు. వాదనంతా ఆ కాస్త మీదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏటా చేసి తీరాల్సిన రోజువారీ ఖర్చు రెవెన్యూ పద్దులోకి వస్తుంది, పదేళ్లు ఇరవయ్యేళ్లు నిలిచే ఆస్తి కోసం పెట్టేది మూలధన పద్దులోకి. అప్పు తెచ్చి ఆస్తి కట్టొచ్చు. అప్పు తెచ్చి జీతాలు ఇవ్వడం మొదలుపెడితే మాత్రం ఊబిలో దిగినట్టే. న్యూయార్క్ నగరం 1975లో దివాలా అంచుకు వెళ్లింది. కారణాల్లో ఒకటి ఇదే: రోజువారీ ఖర్చుల్ని మూలధన బడ్జెట్‌లో చూపించి, స్వల్పకాలిక అప్పులతో నెట్టుకురావడం. బ్యాంకులు ఇక ఇవ్వమన్నాక నగర ఖజానా మీద రాష్ట్రం నియంత్రణ బోర్డును కూర్చోబెట్టింది. సబ్‌వే రైలు టికెట్ 35 సెంట్ల నుంచి 50 సెంట్లకు పెరిగింది. తరతరాలుగా ఉచితంగా చదువు చెప్పిన నగర విశ్వవిద్యాలయం 1976లో ఫీజు వసూలు మొదలుపెట్టింది.

మా నగరం అంత దూరం పోలేదు. మా వ్యాధి వేరు. మేము అప్పు చేయకుండా, చేయాల్సిన మరమ్మతుల్ని వాయిదా వేసుకుంటూ బడ్జెట్‌ను సరితూచుకుంటూ వచ్చాం. అప్పు అయితే పుస్తకంలో ఎక్కడో ఒకచోట కనబడుతుంది. చేయని మరమ్మతు ఎక్కడా కనబడదు.

పంపుహౌస్‌లో ఒక మధ్యాహ్నం

ఏ నగరంలో పని మొదలుపెట్టినా, లెక్కల్లో "ఇతరములు" అని ఉన్న పద్దుల్లో పెద్దవి మూడు నాలుగు ఎంచుకుని, ఆ డబ్బు ఖర్చయ్యే చోటికి స్వయంగా వెళ్లి చూడటం నా అలవాటు. అలా దక్షిణం వైపు పంపుహౌస్‌కి వెళ్లాను.

అక్కడ మూడు పంపులున్నాయి. ఒకటి నడుస్తోంది. రెండోది అవసరం పడితే నడుస్తుంది. మూడోదానికి నీళ్లను తోసే చక్రం, అంటే ఇంపెల్లర్ లేదు, బేరింగులు లేవు. మిగతా రెండింటికి ఏ భాగం కావాల్సి వచ్చినా దాన్నుంచే విప్పుకుంటూ వచ్చారు. ఆస్తుల రిజిస్టర్‌లో మాత్రం మూడూ నిక్షేపంగా ఉన్నాయి.

నడుస్తున్న పంపు షాఫ్టు, అంటే తిరిగే కడ్డీ కింద ఒక నీలం ప్లాస్టిక్ బకెట్ పెట్టి ఉంది. షాఫ్టు చుట్టూ నీళ్లు కారకుండా ఆపాల్సిన సీలు దగ్గరే నీళ్లు సన్నగా ధార కట్టి అందులోకి పడుతున్నాయి. ఆపరేటర్ నాకంటే వయసులో పెద్దాయన. మాట్లాడుతూనే బకెట్ తీసి, పక్కనున్న కాలువలో పారబోసి, మళ్లీ అదే చోట పెట్టారు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా కారుతోందండీ?" అని అడిగాను.

"మూడేళ్లయింది సార్. మొదట్లో రోజుకి ఒక బకెట్ అయ్యేది. పోయినేడు గంటన్నరకి నిండేది. ఇప్పుడు నలభై నిమిషాలకే నిండిపోతోంది. కొత్త పంపు ఇవ్వకపోయినా పర్లేదు, సీలూ బేరింగూ తెప్పించండి. పదిహేను నిమిషాలకి వచ్చిందంటే మాత్రం ఇక షాఫ్టే పోతుంది."

లాగ్‌బుక్ తీసి చూపించారు. పంపు ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు, కరెంటు ఎంత లాగింది, వీటన్నిటికీ గడులున్నాయి. బకెట్‌కి గడి లేదు. అందుకని ఆయన పేజీ అంచున పెన్సిల్‌తో నిమిషాలు వేసుకుంటూ వచ్చారు: 90, 85, 85, 70, 60, 55, 40. ఆ నగరంలో నేను తిరగేసిన ఫైళ్లన్నిటి కంటే నాకు ఎక్కువ పనికొచ్చినవి ఆ పెన్సిల్ అంకెలే.

మరి మూడేళ్లుగా ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. ఇంజినీరింగ్ విభాగం ఏటా ప్రతిపాదన పంపింది. ఏటా దాన్ని కోసింది ఎవరో దుర్మార్గులు కాదు, "అన్ని నిర్వహణ పద్దుల్లో సమానంగా నూటికి పది కోత" అనే నిర్ణయం. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో! ఎవరి మీదా పక్షపాతం లేదు, అందరికీ ఒకటే కత్తెర. లోపలికి వెళ్లి చూస్తే సంగతి వేరు. నిర్వహణ పద్దులో వందకి ఎనభై మనుషుల జీతాలు, ఇరవై విడిభాగాలు అనుకోండి. జీతాలు కోయలేరు. అప్పుడు ఆ పది మొత్తం విడిభాగాల మీదే పడుతుంది, ఇరవై కాస్తా పది అవుతుంది. కాగితం మీద పది శాతం కోత, పంపుహౌస్‌లో సగానికి సగం కోత. ఇలా మూడేళ్లు వరసగా జరిగితే మనుషులుంటారు, వాళ్ల చేతిలో పనిముట్లుండవు. సమాన కోత అన్నది నిర్ణయం తీసుకోవడం కాదు, తప్పించుకోవడం. నాకు ఈ ఉద్యోగంలో ఇంతకంటే కోపం తెప్పించే మాట ఇంకోటి లేదు.

నడకదారి వైపు న్యాయం

ఇక్కడిదాకా చదివినవాళ్లు నడకదారి అడిగినవాళ్లని ఆడంబరం కోరుకునేవాళ్లుగా అనుకునే ప్రమాదం ఉంది. నేనూ మొదట్లో కొంత అలాగే అనుకున్నాను. నది ఒడ్డు వార్డు సభ్యురాలు మొదటి సమావేశంలో అన్న మాటలు నా నోట్‌బుక్‌లో ఉన్నాయి:

"మా వైపు పిల్లలు ఆడుకోవడానికి చోటు లేదు. ముసలివాళ్లు సాయంత్రం నడవాలంటే లారీల పక్కన నడవాలి. ఎప్పుడడిగినా 'ముందు కాలువలమ్మా, తర్వాత చూద్దాం' అంటారు. కాలువలూ బాగుపడలేదు, మాకు పార్కూ రాలేదు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఎవరైనా చెప్పండి."

ఆ ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. ఆమె వార్డులో ఖాళీ జాగా మిగతా వార్డుల కంటే బాగా తక్కువన్నది నిజం. పంపులు ఆగితే మొదట నీళ్లు చేరేది కూడా ఆ వార్డులోనే. అంటే ఈ రెండు పనులూ ఒకే జనానికి సంబంధించినవి. కౌన్సిల్‌లో మాత్రం అవి శత్రువుల్లా ఎదురెదురు నిలబడ్డాయి.

నడకదారికి గ్రాంటు వచ్చింది. ఖర్చులో పెద్ద భాగం దాన్నుంచే, మిగిలింది నగర వాటా. "ఉచితంగా వస్తున్న డబ్బు వదులుకుంటామా?" అని సీనియర్ సభ్యులు గట్టిగా వాదించారు. ఆ నగర వాటా రావాల్సింది మాత్రం మా సొంత ఆదాయం నుంచే, సరిగ్గా పంపు సీలుకి డబ్బు రావాల్సిన చోటు నుంచే. పైగా నడకదారి కట్టాక దీపాలు, ఊడ్చేవాళ్లు, కాపలా, విరిగిన రెయిలింగుకి మరమ్మతు అన్నీ నగరమే భరించాలి. ప్రతిపాదనలో ఆ పేజీ లేదు. కట్టడానికి ఎంతవుతుందో రాశారు, ఉంచుకోవడానికి ఎంతవుతుందో రాయలేదు.

"ఈ ఏడాది ఆపితే" అనే గడి

రెండో సమావేశానికి ముందు ఐదు వారాలు దొరికాయి. మేము చేసిన పని పెద్ద సాంకేతిక విద్య కాదు. 1970లలో అమెరికాలో జిమ్మీ కార్టర్ (తర్వాత దేశ అధ్యక్షుడయ్యారు) జార్జియా రాష్ట్ర గవర్నర్‌గా ఉన్నప్పుడు అమలు చేసిన సున్నా ఆధారిత బడ్జెట్, అంటే ప్రతి పద్దునూ మొదటి నుంచి సమర్థించుకోవాలనే పద్ధతి, మొత్తం నగరానికి పెట్టాలని ఒకరు సూచించారు. వద్దన్నాను. నాకు తెలిసినంతలో దాన్ని పూర్తిగా చేయబోతే సిబ్బంది కాగితాల కింద నలిగిపోతారు, కౌన్సిల్ ఆ కాగితాలు చదవదు.

బదులుగా, మార్చడానికి వీలున్న ఆ ఏడెనిమిది వంతుల్లోని పనులు మాత్రమే తీసుకుని, ఒక్కోదానికి ఒక్క పేజీ కేటాయించాం. మామూలు గడులకి తోడు రెండు కొత్తవి చేర్చాం. ఒకటి, "ఈ ఏడాది ఆపితే ఏమవుతుంది, ఎవరికి, ఎప్పుడు?" రెండోది, "చేశాక పదేళ్లలో దీన్ని ఉంచుకోవడానికి ఎంత?" పని తెలిసినవాళ్లే నింపాలి, విభాగాధిపతి సంతకం పెట్టాలి. "ఇబ్బంది కలుగును", "ప్రజలకు అసౌకర్యము" లాంటి మాటలు రాస్తే వెనక్కి పంపేశాం. మొదటి విడతలో సగానికి పైగా పేజీలు అలాగే వెనక్కి వెళ్లాయి. ఇంజినీర్లకి చిరాకేసింది, ఒకాయన నాతో మాట్లాడటం మానేశారు. రెండో విడతలో వచ్చిన పేజీలు వేరుగా ఉన్నాయి. పంపుల పేజీలో ఇలా ఉంది: "సీలు మార్చకపోతే వచ్చే వానాకాలంలో 1వ పంపు ఆగిపోవచ్చు. 2వ పంపు ఒక్కటే భారీ వానను తట్టుకోలేదు. నది ఒడ్డు వార్డులో మూడు వీధుల్లో ఇళ్లలోకి నీళ్లు వస్తాయి."

ఏ వార్డుకి ఏది ముందు అన్న వరసకి మాత్రం బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరాన్ని ఆధారంగా తీసుకున్నాం. అక్కడ 1989లో పౌరుల భాగస్వామ్య బడ్జెట్ మొదలైంది. మూలధన పనుల డబ్బు పంచేటప్పుడు వాళ్లు ప్రధానంగా మూడు చూసేవాళ్లు: ఆ ప్రాంత జనాభా ఎంత, ఆ సౌకర్యం అక్కడ ఎంత లోటుగా ఉంది, అక్కడివాళ్లు దానికి ఎన్నో స్థానం ఇచ్చారు. గొంతు పెద్దదైనవాళ్లకే డబ్బు పోకుండా ఇది కొంత ఆపింది. నీళ్లు, మురుగు కనెక్షన్లున్న ఇళ్లు 1988లో 75 శాతం ఉంటే 1997కి 98 శాతం అయ్యాయి. రాజకీయ మద్దతు తగ్గుతూ పోయి 2017లో ఆ నగరం ఆ ప్రక్రియను నిలిపేసింది. ఇది కూడా కౌన్సిల్‌కి చెప్పాను. పద్ధతి ఎంత మంచిదైనా దాన్ని ఏటా పట్టించుకునే మనుషులుండాలి.

రెండో సమావేశం

ఈసారి నేను నివేదికతో మొదలుపెట్టలేదు. లాగ్‌బుక్ పేజీ ఫొటోను తెర మీద వేసి, బకెట్ గురించి ఆపరేటర్ చెప్పింది చెప్పాను. 90, 85, 85, 70, 60, 55, 40.

తర్వాత రెండు సంఘటనలు వివరించాను. రెండూ డబ్బున్న దేశంలోవే, కావాలనే ఎంచుకున్నాను. న్యూయార్క్‌లో 1973 డిసెంబర్‌లో వెస్ట్ సైడ్ హైవే వంతెన రోడ్డు కూలిపోయింది. కూలినప్పుడు దాని మీద ఆ హైవే మరమ్మతుల కోసమే తారు మోసుకెళ్తున్న లారీ ఉంది. రెండోది పిట్స్‌బర్గ్. అక్కడి ఫెర్న్ హాలో వంతెన 2022 జనవరి 28 ఉదయం కూలింది. అది నగరం సొంత ఆస్తి. మౌలిక వసతుల గురించి మాట్లాడటానికి అమెరికా అధ్యక్షుడు ఆ నగరానికి రావాల్సిన రోజు అది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. కొన్నేళ్లుగా తనిఖీ నివేదికలు ఆ వంతెన పరిస్థితి బాగాలేదని చెబుతూనే ఉన్నాయి. వంతెన మీది తూములు చెత్తతో పూడుకుపోయి, నీళ్లు పోవాల్సిన దారిన పోక ఉక్కు కాళ్ల మీదికి చేరి తుప్పు పట్టించాయి. చెప్పిన మరమ్మతులు నగరం పదే పదే చేయకపోవడమే కారణమని అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేల్చింది. తూములు శుభ్రం చేయడం ఏ బడ్జెట్‌లోనైనా చాలా చిన్న ఖర్చు. దాని కోసం కౌన్సిల్‌లో ఎవరూ లేచి నిలబడరు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నది ఒడ్డు వార్డు సభ్యురాలే ముందు లేచారు. "నీళ్లొచ్చేది మా వీధుల్లోకే అని ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పలేదు?" అన్నారు. ఆ మాట నిజంగా ప్రశ్నే. మా దగ్గర ఉన్న ఒకే జవాబు "ఇతరములు".

అప్పటికప్పుడు అందరూ ఒప్పుకున్నారనుకుంటే పొరపాటు. ఇంకో రెండు గంటలు గట్టిగా వాదనలు జరిగాయి. గ్రాంటు గడువు అయిపోతుందని కొందరు, పంపులు వచ్చే ఏడాది చూద్దామని కొందరు. చివరికి రెండు ఓట్ల తేడాతో తేలింది. నడకదారిలో మొదటి భాగం మాత్రమే ఈ ఏడాది కడతారు, అది కూడా పిల్లల ఆట స్థలం ఉన్న భాగం. మిగతా నగర వాటా పంపుల మరమ్మతుకి, కాలువల పూడికతీతకి పోతుంది. "యంత్రాల నిర్వహణ, ఇతరములు" పద్దు నుంచి దక్షిణ పంపుహౌస్‌ని విడదీసి దానికి సొంతంగా ఒక పద్దు పెట్టారు. ఇకముందు పదేళ్ల నిర్వహణ పేజీ లేని మూలధన ప్రతిపాదన కౌన్సిల్ ముందుకు రాకూడదని తీర్మానం చేశారు. గ్రాంటులో కొంత భాగం మాకు రాకుండా పోయింది. అది నష్టమే, దాన్ని నష్టంగానే నివేదికలో రాశాను.

నేను తప్పు చేసిన చోటు

లెక్క సరిపోవడానికి ఇంకా కొంత డబ్బు కావాల్సి వచ్చింది. ఒక శాఖా గ్రంథాలయాన్ని సాయంత్రం ఆరు తర్వాత మూసేయొచ్చని నేనే సూచించాను. ఆధారం ఉంది: ఆరు దాటాక రోజుకి ఇచ్చే పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కౌన్సిల్ ఒప్పుకుంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మూడు వారాలకి వార్డు సభలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి లేచి మాట్లాడింది. "మా ఇంట్లో ఒకటే గది సార్. టీవీ ఆపమంటే తాతయ్యకి కోపం. నేను ఆరు నుంచి తొమ్మిది దాకా లైబ్రరీలో కూర్చుని నా పుస్తకాలే చదువుకునేదాన్ని. నాతోపాటు ఇంకో ఇరవై మంది ఉండేవాళ్లు." మాట మధ్యలో గొంతు వణికింది, అయినా ఆపకుండా పూర్తి చేసింది.

వాళ్లెవరూ పుస్తకం తీసుకోలేదు కాబట్టి రిజిస్టర్‌లో లేరు. పంపుహౌస్‌లో బకెట్‌కి గడి లేదని అంత బాధపడిన నేను, గ్రంథాలయంలో కుర్చీలకి గడి లేదన్న సంగతి పట్టించుకోలేదు. ఒక్క సాయంత్రం అక్కడికి వెళ్లి చూసినా తెలిసేది. వెళ్లలేదు. పంపుహౌస్‌కి వెళ్లడం నాకు అలవాటైంది, కోత పెట్టే చోటికి వెళ్లడం అలవాటు కాలేదు. ఆ అమ్మాయికి సభలోనే క్షమాపణ చెప్పాను. వేళలు మళ్లీ పెంచడానికి సవరణ ప్రతిపాదన పెట్టి, ఆమోదం తెచ్చుకునేసరికి మూడు నెలలు గడిచాయి. పరీక్షల ముందు మూడు నెలలు అంటే ఏమిటో పదో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి కోత ప్రతిపాదించే ప్రతి చోటా, ఆ కోత అమలయ్యే వేళలో, కనీసం రెండు సార్లు వెళ్లి కూర్చున్నాకే సంతకం పెడుతున్నాను.

ఆ తర్వాత

సీలు, బేరింగులు వానాకాలానికి పన్నెండు రోజుల ముందు వచ్చాయి. టెండరు ఒకసారి రద్దై మళ్లీ పిలవాల్సి వచ్చింది, ఆ టెన్షన్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఆ ఏడాది మొదటి పెద్ద వానకి రెండు పంపులూ రాత్రంతా నడిచాయి. నది ఒడ్డు వార్డులో ఒక వీధిలో నీళ్లు నిలిచాయి, కాలువ పూడిక ఇంకా అక్కడిదాకా తీయలేదు. మిగతా రెండు వీధుల్లో నిలవలేదు. దీన్ని మేము విజయంగా ప్రకటించలేదు. ఒక్క వానతో ఏమీ తేలదు, అంతకుముందు ఏడాది వాన ఇంత గట్టిగా కురవనూ లేదు.

నడకదారి మొదటి భాగం చలికాలంలో తెరిచారు. సాయంత్రం వెళ్తే పిల్లలతో నిండి ఉంటుంది. రెండో భాగం కోసం ఆ సభ్యురాలు ఇప్పుడు పదేళ్ల నిర్వహణ పేజీ చేత్తో పట్టుకుని అడుగుతున్నారు. దీపాల ఖర్చు తక్కువ చూపించారని మేము వెనక్కి పంపితే, సరిచేసి మళ్లీ తెచ్చారు.

మొన్న దక్షిణం వైపు పంపుహౌస్‌కి వెళ్లాను. నీలం బకెట్ అక్కడే ఉంది, అడుగున నాలుగు వేళ్ల నీళ్లు. "నిన్న పొద్దున పెట్టింది సార్," అన్నారు ఆపరేటర్. కొత్తగా అచ్చువేసిన లాగ్‌బుక్‌లో "లీకు, నిమిషాల్లో" అని ఒక గడి ఉంది. ఆ రోజు గడిలో గీత గీసి ఉంది.

ఉత్తరం వైపు పంపుహౌస్ ఇంకా "ఇతరములు" లోనే ఉంది. వచ్చే నెల బడ్జెట్ కసరత్తు మొదలవుతుంది. ఆ పద్దు విడగొట్టమని కోరే నోట్ రాసి పెట్టాను. అక్కడి ఆపరేటర్‌ని కలవడానికి గురువారం వెళ్తున్నాను.